బైబిలు చెప్పింది, చర్చి బతికింది: మెయిన్స్ కోసం ఒక చరిత్ర వ్యాసం

మీరు రాయబోయే పరీక్షకు రూపం ఇచ్చినవాళ్ళలో ఒకరి మీద మతద్రోహం కేసు పడిందని మీకు తెలుసా?

ఈస్టిండియా కంపెనీ ఉద్యోగాలకు డైరెక్టర్ల సిఫారసులు పోవాలని, పోటీ పరీక్ష రావాలని 1854లో నివేదిక ఇచ్చింది మెకాలే కమిటీ. అందులో ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకుడు బెంజమిన్ జోవెట్ ఒక సభ్యుడు. ఆరేళ్ళ తర్వాత, 1860లో, ఆయనే 'ఎస్సేస్ అండ్ రివ్యూస్' అనే సంకలనంలో ఒక పొడుగాటి వ్యాసం రాశాడు. బైబిలును మిగతా ఏ పుస్తకాన్ని చదివినట్టే చదవాలి, రాసినవాడు తన కాలంలో తన పాఠకులకు ఏం చెప్పదలచుకున్నాడో ముందు అది తేల్చాలి అన్నది దాని సారం. ఇవాళ మనకు ఇందులో గొడవేముందనిపిస్తుంది. అప్పుడు ఇంగ్లండు అట్టుడికిపోయింది. 1863లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ కోర్టులో జోవెట్ మీద కేసు వేశారు, అది ముందుకు సాగలేదు. అదే సంకలనంలో రాసిన మరో ఇద్దరిని చర్చి కోర్టు దోషులుగా తేల్చింది. వాళ్ళు 1864లో ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్ళి బయటపడ్డారు.

సివిల్స్ చదివేవాళ్ళకు ఇదంతా ఎందుకు అంటారా? మన సిలబస్‌లో క్రైస్తవం మూడు నాలుగు చోట్ల తగులుతుంది. 1813 చార్టర్ చట్టం, సెరాంపూర్ అచ్చుయంత్రం, మిషనరీ బడులు, రామ్మోహన్ రాయ్. అన్ని చోట్లా కథ ఒకటే: మిషనరీలు వచ్చారు, బడి పెట్టారు, పుస్తకం అచ్చేశారు. ఆ పుస్తకాన్ని ఇక్కడివాళ్ళు ఎలా చదివారన్నది మాత్రం నోట్స్‌లో ఉండదు. అది లేకపోవడం వల్లే మన సమాధానాల్లో ఒక వాక్యం పదే పదే వస్తుంది: 'క్రైస్తవంలో కులం లేదు కాబట్టి అణగారిన వర్గాలు ఆ మతంలోకి వెళ్ళాయి.' ఈ వాక్యం పుస్తకం గురించి చెబుతోందా, చర్చి గురించి చెబుతోందా? పుస్తకం గురించి అయితే కొంతవరకు నిజం. చర్చి గురించి అయితే చాలా చోట్ల తప్పు. దీనికి పోటీగా రాసే 'మతం మారినా ఏమీ మారలేదు' అన్న వాక్యానికీ ఇదే ఇబ్బంది. ఈ రెండిటి మధ్య దూరం ఎంత, దాన్ని ఎవరు కొలిచారు అన్నదే ఈ వ్యాసం.

ఉదయంపేరూరులో ఒక పుస్తకాల తనిఖీ

బైబిలు అధ్యయనంలో మొట్టమొదటి మెట్టు పాఠ పరిశోధన. అంటే పాత చేతిరాత ప్రతులను పక్కపక్కన పెట్టి, ఏది ముందు పాఠం, ఏది తర్వాత చేరింది అని తేల్చడం. మన దగ్గర భండార్కర్ సంస్థ మహాభారతానికి చేసిన పని లాంటిదే. ఇది గ్రంథాలయంలో కూర్చుని చేసే నిదానమైన పని అనుకుంటాం. కేరళలో ఇదే ప్రశ్న ఒక సమాజాన్ని రెండుగా చీల్చింది.

కేరళ తీరంలోని తోమా క్రైస్తవులు పోర్చుగీసువాళ్ళు రాకముందు నుంచే ఉన్నారు. వాళ్ళ ఆరాధన భాష సిరియాక్. వాళ్ళ బైబిలు 'పెషిత్తా' అనే సిరియాక్ పాఠం. 1599 జూన్‌లో గోవా ఆర్చిబిషప్ మెనెజెస్ కొచ్చి దగ్గరి ఉదయంపేరూరులో ఒక సభ జరిపాడు. ఇంగ్లిషు పుస్తకాల్లో 'సైనాడ్ ఆఫ్ డయాంపర్' అని చదివేది దీన్నే. ఆ సభ స్థానిక సిరియాక్ పుస్తకాలను తనిఖీకి పెట్టింది. వాటిలో నెస్టోరియన్ మతభేదం ఉందని చాలా పుస్తకాలను ఖండించారు, దిద్దారు, తగలబెట్టారు. బైబిలు విషయంలో వాళ్ళు పట్టుకున్న తప్పు ఏమిటంటే, కొత్త నిబంధనలో కొన్ని భాగాలు లేవని. పేతురు రెండో పత్రిక, యోహాను రెండు, మూడు పత్రికలు, యూదా పత్రిక, ప్రకటన గ్రంథం సిరియాక్ ప్రతుల్లో లేవు. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ కూడా లేదు. లాటిన్ బైబిలు చూసి వీటిని చేర్చమని ఆదేశించారు.

ఇప్పుడు మూడువందల ఏళ్ళు ముందుకు రండి. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ పండితులు నాలుగో శతాబ్దపు గ్రీకు ప్రతులను, అంటే సైనాయి కొండ మఠంలో దొరికిన ప్రతిని, వాటికన్ ప్రతిని వరసపెట్టి చదివారు. యోహాను సువార్తలో ఆ స్త్రీ కథ ఆ రెండిటిలోనూ లేదు. ఆ ఐదు పుస్తకాలైతే తొలి శతాబ్దాల సంఘాల్లో చాలాకాలం వివాదంలో ఉన్నవే. సిరియాక్ సంఘం వాటిని కత్తిరించలేదు. అది పట్టుకున్న పాఠం అంత పాతది. మలబారు ప్రతుల్లో మతద్రోహంగా కనిపించింది నిజానికి ప్రాచీనత. తనిఖీ చేసినవాడి చేతిలో ఉన్న లాటిన్ ప్రతే కొలబద్ద అయినప్పుడు ఇంకోలా కనిపించే వీలు లేదు.

ఈ కథలో పుస్తకం ఒక్కటే లేదు. లాటిన్ పాఠంతో పాటు లాటిన్ బిషప్పులు వచ్చారు, పెళ్ళైన పూజారుల మీద నిషేధం వచ్చింది, స్థానిక ఆచారాల మీద ఆంక్షలు వచ్చాయి. యాభై ఏళ్ళు ఉడికిన కోపం 1653 జనవరిలో మట్టాంచేరి దగ్గర బయటపడింది. శిలువకు తాళ్ళు కట్టి పట్టుకుని, జెసూట్ల అధికారాన్ని ఒప్పుకోబోమని జనం ప్రమాణం చేశారు. అదే కూనన్ కురిశు ప్రమాణం. ప్రిలిమ్స్‌కు పేరు, సంవత్సరం గుర్తుపెట్టుకుంటారు సరే. మెయిన్స్‌కు మాత్రం దీన్ని వలస అధికారం మీద వచ్చిన తొలి సామూహిక ధిక్కారాల్లో ఒకటిగా చూడండి. 1857 నుంచే లెక్క మొదలుపెట్టే అలవాటు మనకు మంచిది కాదు.

రామ్మోహన్ రాయ్ కత్తెర

రామ్మోహన్ రాయ్ అనగానే సతి, బ్రహ్మసమాజం రాసేస్తాం. ఆయన 1820లో వేసిన 'ద ప్రిసెప్ట్స్ ఆఫ్ జీసస్' గురించి ఒక్క పంక్తితో సరిపెడతాం. ఆ పుస్తకంలో ఆయన చేసింది చూడటానికి చిన్న పని. నాలుగు సువార్తల్లోంచి యేసు నీతి బోధలను ఏరి ఒక చోట పెట్టాడు. అద్భుతాలు, చారిత్రక ఘట్టాలు, సిద్ధాంత వివాదానికి దారితీసే భాగాలు వదిలేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో థామస్ జెఫర్సన్ కూడా కత్తెర, జిగురు పట్టుకుని ఇలాంటి పనే చేస్తున్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. తేడా ఏమిటంటే జెఫర్సన్ తన పుస్తకాన్ని ఇంట్లో దాచుకున్నాడు, రామ్మోహన్ అచ్చువేసి జనంలో పెట్టాడు.

సెరాంపూర్ మిషనరీలకు కోపం వచ్చింది. వాళ్ళ 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా' పత్రికలో ఘాటైన విమర్శ వచ్చింది. ఇలాంటి సంకలనం చేసిన మనిషిని అన్యుడన్నారు. క్రీస్తు దైవత్వం, పాపపరిహారం లేకుండా నీతి మాత్రం తీసుకుంటే మిగిలేది క్రైస్తవం కాదన్నది జాషువా మార్ష్‌మన్ వాదన. దీనికి జవాబుగా రామ్మోహన్ క్రైస్తవ ప్రజలకు మూడు 'అప్పీళ్ళు' రాశాడు. మొదటిది 1820లో, రెండోది 1821లో, చివరిది 1823లో. మూడోదాన్ని అచ్చువేయడానికి బాప్టిస్ట్ మిషన్ ప్రెస్ ఒప్పుకోకపోతే సొంత ప్రెస్ పెట్టుకుని వేశాడు. పత్రికా స్వేచ్ఛ కోసం ఆయన చేసిన పోరాటం కూడా 1823 నాటిదే అని మీకు గుర్తుండాలి.

ఈ వాదంలో గమనించవలసింది పద్ధతి. ఆయన భక్తితోనో, కోపంతోనో వాదించలేదు. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మూలంలోని మాటలు ఎత్తి చూపాడు. ఫలానా చోట ఈ పదానికి ఈ అర్థం రాదు, పాత నిబంధనలో ఈ వాక్యం అసలు సందర్భం వేరు, దాన్ని క్రీస్తుకు అన్వయించడం తర్వాతి వ్యాఖ్యాతల పని అంటూ పేరా పేరాకూ వెళ్ళాడు. ఉపనిషత్తులను బెంగాలీలోకి తెచ్చి, మూలం ఇది చెబుతోంటే మీరు మధ్యలో విగ్రహారాధన ఎలా పెట్టారని పండితులను నిలదీసిన మనిషే, అదే పద్ధతితో మిషనరీలనూ నిలదీశాడు. మూలానికి పోవడం, మధ్యవర్తిని ప్రశ్నించడం. ఆయన సంస్కరణ అంతటికీ ఇదే తాళంచెవి అని నా అభిప్రాయం. సతి విషయంలోనూ ఆయన స్మృతులను ఇలాగే చదివాడు.

ఈ వివాదం మధ్యలో ఒక విచిత్రం జరిగింది. యోహాను సువార్తను బెంగాలీలోకి తేవడానికి రామ్మోహన్‌తో కలిసి కూర్చున్న మిషనరీల్లో విలియం ఆడమ్ ఒకడు. మొదటి అధ్యాయంలో సమస్తమూ వాక్యం 'చేత' కలిగిందా, వాక్యం 'ద్వారా' కలిగిందా అన్న దగ్గర అనువాదం ఆగింది. గ్రీకులో ఉన్నది ఒక చిన్న విభక్తి మాట. 'చేత' అంటే సృష్టికర్త, 'ద్వారా' అంటే సాధనం. త్రిత్వ సిద్ధాంతం ఆ ప్రత్యయం మీద ఊగుతోంది. వాదించి వాదించి ఆడమ్ చివరకు రామ్మోహన్ వైపు తిరిగాడు, 1821లో యూనిటేరియన్ అయిపోయాడు. కలకత్తాలో అతన్ని 'రెండోసారి పతనమైన ఆదాము' అని ఎగతాళి చేశారు. తర్వాత బెంగాల్, బిహార్‌లలో దేశీయ విద్య మీద 1830ల్లో నివేదికలు ఇచ్చిన ఆడమ్ ఈయనే. విద్యాచరిత్ర చదివేటప్పుడు తగిలే పేరు ఇక్కడిదని చాలామందికి తెలియదు.

అనువాదంలో ఒక్క మాట ఎంత దూరం తీసుకుపోతుందో సెరాంపూర్‌కూ తెలిసొచ్చింది. బాప్టిస్టులు కాబట్టి, గ్రీకు మాటకు బెంగాలీలో 'ముంచడం' అనే అర్థం వచ్చే మాట వాడారు. పసిపిల్లల నుదుటి మీద నీళ్ళు చిలకరించే మిగతా సంఘాలు ఊరుకోలేదు. ఆ గొడవ ముదిరి బైబిల్ సొసైటీ డబ్బు ఆగిపోయింది. తెలుగులో 'బాప్తిస్మము' అని గ్రీకు మాటనే ఉంచారు చూడండి. అర్థం చెప్పకపోవడం కూడా ఒక రకమైన రాజీయే.

ఎవరు ఎక్కడ కూర్చోవాలి

ఇంతవరకు చెప్పినవి చదువుకున్నవాళ్ళ మధ్య వాదాలు. ఊళ్ళో చర్చి తలుపు తీస్తే ప్రశ్న వేరు: ఎవరు ముందు వరసలో కూర్చుంటారు, ప్రభువు బల్ల దగ్గర గిన్నె ముందు ఎవరి పెదవులకు తాకుతుంది?

తరంగంబాడి లూథరన్ మిషన్ 1706లో మొదలైంది. అక్కడా, ఆ తర్వాత తంజావూరు, మద్రాసుల్లోనూ వెల్లాల క్రైస్తవులు, దళిత క్రైస్తవులు ఒకే చర్చిలో వేరువేరు వైపుల కూర్చునేవారు. తొలి తరం మిషనరీలు దీన్ని సామాజిక మర్యాదగా చూసీచూడనట్టు వదిలేశారు. కలకత్తా బిషప్ హీబర్ కూడా మెతకగానే ఉన్నాడు. 1833లో బిషప్ డేనియల్ విల్సన్ మాత్రం కులభేదం చర్చిలో ఇక ఉండరాదని సర్క్యులర్ పంపాడు. వెల్లాలలు చాలామంది చర్చి వదిలిపెట్టారు. శరభోజీ ఆస్థానంలో పేరుపొందిన క్రైస్తవ కవి వేదనాయక శాస్త్రి కూడా కులమర్యాద వైపే నిలబడ్డాడు. ఇందులో పాఠం గమనించండి. రెండు పక్షాలూ బైబిలు చదివినవే. ఒక పక్షం 'క్రీస్తులో యూదుడని, గ్రీసు దేశస్థుడని భేదం లేదు' అన్న పౌలు ఉద్దేశాన్ని చర్చి బెంచీల దాకా తెచ్చింది. ఇంకో పక్షం దాన్ని ఆత్మకు పరిమితం చేసి, బెంచీలను లోకాచారానికి వదిలింది.

కాథలిక్కుల దగ్గర ఇంకా బాహాటంగా జరిగింది. తిరునల్వేలి ప్రాంతంలోని వడక్కన్‌కుళంలో 1872లో కట్టిన చర్చిని ఊహించుకోండి. రెండు కాళ్ళ ప్యాంటులా రెండు మందిర భాగాలు, మధ్యలో గోడ, పైన ఇద్దరికీ కలిపి ఒకే బలిపీఠం. ఒక కాలు వెల్లాలలకు, ఒక కాలు నాడార్లకు. దేవుడు ఒక్కడే, ఆయన దగ్గరికి దారులే రెండు! 1910లో గోడ కూల్చారు. వెల్లాలలు కోర్టుకెక్కారు. మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళిన మైకేల్ పిళ్ళై కేసులో, కులం పేరుతో చర్చిలో ప్రత్యేక స్థానం హక్కుగా అడగడం కుదరదని తీర్పు వచ్చింది. అంటరానితనం మీద ఆర్టికల్ 17 రాయడానికి మూడు దశాబ్దాల ముందు సంగతి ఇది.

తెలుగు నేల కథ మరోలా నడిచింది. ఒంగోలు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్‌లో జాన్ క్లౌ 1866లో పని మొదలుపెట్టాడు. మొదట్లో కొందరు అగ్రకులాలవాళ్ళు ఆసక్తి చూపారు, కానీ ఒక షరతు పెట్టారు: మాదిగలను చేర్చుకోకూడదు. అప్పటికే యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ బోధకుడి వల్ల పల్లెల్లో కదలిక వచ్చింది. ఏం చేయాలో తోచక క్లౌ బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం కనబడిందట. పక్కగదిలో ఆయన భార్య కూడా అదే భాగం దగ్గర ఆగిందట. క్లౌ తన ఆత్మకథలో ఇలా చెప్పుకున్నాడు. చరిత్రకారులుగా మనకు ఆ యాదృచ్ఛికత నిజమా కాదా అన్నది పెద్ద విషయం కాదు. ఒక సంఘం ఎవరిది కావాలో తేల్చే నిర్ణయానికి ఆ పేజీ ఆధారమైందన్నది విషయం. అగ్రకులాలవాళ్ళు వెనక్కి తగ్గారు. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పనికి క్లౌ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనుల కాలంలో బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

ఆ ఆత్మకథను పుస్తకంగా తెచ్చిన ఆయన రెండో భార్య ఎమ్మా, అమెరికాలో 'సామాజిక సువార్త' ఉద్యమానికి సిద్ధాంతకర్త అయిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు స్వయానా అక్క. న్యూయార్క్ పేటల్లో కార్మికుల బాధ చూసి బైబిలును కొత్తగా చదివిన తమ్ముడు ఒకవైపు, ఒంగోలు మాదిగపల్లెల్లో తిరిగిన అక్క ఇంకోవైపు. ఆలోచనలు ఎప్పుడూ పశ్చిమం నుంచి తూర్పుకే ప్రయాణిస్తాయని అనుకోకండి. ఆఫ్రికాలో నేటాల్ బిషప్ కొలెన్సోను, జలప్రళయం కథ అక్షరాలా నిజమా అని అడిగి ఇరుకున పెట్టింది ఒక జూలూ సహాయకుడు. 1862లో కొలెన్సో వేసిన సంచలన గ్రంథానికి ఆ ప్రశ్న ఒక ప్రేరణ.

మరి చేరిన తర్వాత ఏమైంది? తిరువాన్కూరులో పొయ్‌కయిల్ యోహన్నాన్ దీనికి సూటి సాక్షి. పరయ కుటుంబంలో పుట్టి, మార్తోమా సంఘంలోనూ, ఆ తర్వాత బ్రదరన్ సంఘంలోనూ బోధకుడిగా తిరిగి, రెండు చోట్లా కులం ఎదురై బయటికొచ్చాడు. 1909 ప్రాంతంలో ప్రత్యక్ష రక్షా దైవసభ స్థాపించాడు. పౌలు పత్రికలు రోమీయులకు ఉన్నాయి, కొరింథీయులకు ఉన్నాయి, తిరువాన్కూరు పులయలకు రాసింది ఎక్కడ అని ఆయన అడిగేవాడని ఆయన అనుచరుల జ్ఞాపకం. విశ్వవిద్యాలయ పండితులు 'పత్రికను అది ఎవరికి రాశారో వాళ్ళ సందర్భంలో చదవాలి' అని గ్రంథాలు రాస్తున్న కాలంలో, బడి చదువు అంతంతమాత్రమైన ఒక మనిషి అదే సూత్రాన్ని తిరగేసి వాడాడు. నాకు రాయనిది నన్ను ఎలా కట్టేస్తుంది అని. తర్వాత ఆయన శ్రీమూలం ప్రజాసభకు రెండుసార్లు సభ్యుడయ్యాడు.

బిషప్ కావాలా, వద్దా

వ్యాఖ్యానం చర్చి వ్యవస్థను మార్చిన సందర్భం చర్చిల ఐక్యత. 1919లో తరంగంబాడిలో కొందరు దక్షిణాది పాస్టర్లు కూర్చుని, యూరప్‌లో ఎప్పుడో జరిగిన తగాదాల పేర్లు మనం ఎందుకు మోయాలని అడిగారు. వాళ్ళకు ముందుండి నడిపినవాడు వి.ఎస్. అజరయ్య. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. ఆయన పీఠం నిజాం రాజ్యంలోని డోర్నకల్, ఇవాళ్టి మహబూబాబాద్ జిల్లా.

అడ్డుపడిన ప్రశ్న: బిషప్ చేతులు ఉంచి అభిషేకించకపోతే పాస్టరు పాస్టరేనా? ఆంగ్లికన్లు అవసరమంటారు, ప్రెస్బిటేరియన్లు కాదంటారు. ఇక్కడ బైబిలు పరిశోధన పనికొచ్చింది. కేంబ్రిడ్జి పండితుడు లైట్‌ఫుట్, స్వయంగా ఆంగ్లికన్, 1868లోనే ఒక వ్యాసంలో కొత్త నిబంధన కాలంలో 'అధ్యక్షుడు', 'పెద్ద' ఒకే పదవికి రెండు పేర్లని, బిషప్ పదవి క్రమంగా పెద్దల్లోంచి ఎదిగిందని చూపించాడు. తెలుగు బైబిల్లో తీతు పత్రిక మొదటి అధ్యాయం తీసి చూడండి, 'పెద్దలు' అని మొదలుపెట్టి రెండు వచనాల్లోనే 'అధ్యక్షుడు' అంటుంది. పదవి చరిత్రలో పుట్టిందైతే, అది ఉండటం మేలే కావచ్చు కానీ అది లేనివాళ్ళు చర్చే కాదనడం కష్టం. 1947 సెప్టెంబర్ 27న, స్వాతంత్ర్యం వచ్చిన 43 రోజులకు, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు రాజీ ఈ దారిలోనే కుదిరింది: ఉన్న పాస్టర్లకు మళ్ళీ అభిషేకం అక్కర్లేదు, ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతే. అజరయ్య అది చూడలేదు, 1945 మొదటి రోజే పోయాడు. అందరూ ఒప్పుకోలేదు కూడా. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలా ఏళ్ళు బయటే ఉండిపోయారు.

దేశం మత ప్రాతిపదికన చీలిన నెలల్లోనే ఒక మతంలోని చీలికలు కొన్ని అతుక్కున్నాయి. ఎస్సేలో వాడుకోదగ్గ ఉదాహరణ ఇది.

ఐక్యత కన్నా లోతైన ప్రశ్న 1938లో తాంబరం మిషనరీ మహాసభ ముందు వచ్చింది. డచ్ పండితుడు క్రేమర్, బైబిలు సందేశానికీ మిగతా మతాలకూ మధ్య కొనసాగింపు లేదన్నాడు. నెల్లూరులో పుట్టి పుదుక్కోట్టైలో జడ్జిగా పనిచేసిన పి. చెంచయ్య, ట్రేడ్ యూనియన్ నాయకుడు వి. చక్కరై, వాళ్ళ మిత్రులు కలిసి 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' అనే పుస్తకంతో జవాబిచ్చారు. చర్చి వ్యవస్థ పశ్చిమానిది, క్రీస్తు ఎవరి సొత్తూ కాదు, భారతీయుడు తన వారసత్వాన్ని పారేసి రానక్కర్లేదు అన్నది వాళ్ళ మాట. జాతీయోద్యమ కాలపు స్వదేశీ భావన మతంలో ఎలా పలికిందో దీనిలో కనిపిస్తుంది.

అయితే ఏ వారసత్వం? ఆ ప్రశ్న వేసింది 1981లో అరవింద్ నిర్మల్, బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో. చెంచయ్య తరం మాట్లాడిన భారతీయత అంతా వేదాంతం, బ్రాహ్మణ సంప్రదాయం. చర్చిలో ఎక్కువమంది వచ్చింది మాత్రం మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి, చేరీల నుంచి. వాళ్ళను వేల ఏళ్ళు బయట నిలబెట్టిన సంప్రదాయాన్నే వాళ్ళ వారసత్వం అనడం ఏమిటన్నాడాయన. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుడు పంట బుట్ట తెచ్చి, తన పూర్వీకుడు దిక్కులేని సంచారి అని, తాము బానిసలుగా ఏడ్చామని చెప్పుకుంటాడు. నిర్మల్ ఆ భాగాన్ని దళిత క్రైస్తవుడి నోట పెట్టి చదివాడు. ఇదే దళిత థియాలజీకి నాంది.

ఇక్కడ ప్రశ్న మారిందని గమనించండి. జోవెట్ అడిగింది రాసినవాడి ఉద్దేశం. నిర్మల్ అడిగింది చదివేవాడు ఎవరని. శ్రీలంకలో పుట్టిన ఆర్.ఎస్. సుగీర్తరాజా దీన్ని మరింత ముందుకు తీసుకెళ్ళి, శాస్త్రీయమని చెప్పుకునే యూరప్ పద్ధతిలో కూడా వలస పాలకుడి చూపు దాగి ఉందని వాదించాడు. వీళ్ళందరికంటే ముందే పండిత రమాబాయి ఈ పని మాటల్లో కాక చేతల్లో చేసింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, సంస్కృత పదాల బరువు లేని మరాఠీలో, చదువు రాని ఆడవాళ్ళకు అందేలా మొత్తం బైబిలును తానే అనువదించింది. 1922లో ఆమె పోయింది, 1924లో అది వెలువడింది. వితంతు సంస్కరణ శీర్షిక కింద ఆమెను రెండు పంక్తుల్లో ముగించేస్తాం, అన్యాయం.

దళిత థియాలజీకీ హద్దులున్నాయి. 'దళితుడు' అన్న ఒక్క మాటలో మాల, మాదిగల మధ్య దూరం, ఆడవాళ్ళ అనుభవం కొట్టుకుపోతాయని లోపలివాళ్ళే విమర్శించారు. ఉపవర్గీకరణ మీద 2024 సుప్రీంకోర్టు తీర్పు చదివినవాళ్ళకు ఈ విమర్శ కొత్తగా అనిపించదు.

ఆదేశంలోని మూడో పేరా

రాష్ట్రపతి 1950లో ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఆదేశంలో మూడో పేరా, హిందువు కాని వ్యక్తి షెడ్యూల్డ్ కులానికి చెందడని చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు బీసీ-సీ కింద వస్తారు. ఆ మినహాయింపు వెనుక ఉన్న తర్కం మనం మొదట్లో చూసిన వాక్యమే: ఆ మతంలో కులం లేదు కదా!

1985లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన సూసై ఒక చెప్పులు కుట్టే మనిషి. మద్రాసులో రోడ్డు పక్కన పనిచేసే చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. ఆదిద్రావిడుడే అయినా క్రైస్తవుడు కాబట్టి అతనికి ఇవ్వలేదు. కోర్టు పుస్తకం వైపు చూసి ఆగిపోలేదు. మతం మారాక కులం కొనసాగుతుందని చెబితే చాలదు, కొత్త సమాజంలో కూడా అంతే తీవ్రమైన సామాజిక, ఆర్థిక వెనుకబాటు ఉందని ఆధారాలతో చూపాలి అంది. ఆధారాలు లేవని పిటిషన్ కొట్టేసింది. అంటే సిద్ధాంతం కాదు, చర్చి జీవితాన్ని కొలిచి తెమ్మంది. 2007లో ప్రభుత్వానికి అందిన రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టకూడదంది. 2022 అక్టోబరులో కేంద్రం ఈ ప్రశ్న మీద జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. వడక్కన్‌కుళం గోడ, తంజావూరు గిన్నె, ఒంగోలు చర్చి రిజిస్టర్లు అన్నీ చివరికి ఇలాంటి కమిషన్ బల్ల మీదకే ఆధారాలుగా రావలసినవి. ఇదే హోదాను ఇప్పటికే అనుభవిస్తున్న వర్గాల్లో, వాటా తగ్గుతుందన్న భయమూ ఉంది. సమాధానంలో దాన్నీ రాయాలి.

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "షెడ్యూల్డ్ కులాల హోదాకు మతాన్ని షరతుగా పెట్టడం మత సిద్ధాంతం మీద ఆధారపడిందా, సామాజిక వాస్తవం మీద ఆధారపడిందా? చారిత్రక ఉదాహరణలతో, సూసై తీర్పు వెలుగులో పరిశీలించండి." రాసి కామెంట్లలో పెట్టండి. ఉపోద్ఘాతంలో 1950తో మొదలుపెట్టకుండా, 1833తో గానీ 1872తో గానీ మొదలుపెట్టి చూడండి.